మోసుకెళ్లే బల్లకు రూటరు బిగింపు

చేత్తో పట్టుకుని చెక్క మీద నడిపే రూటరును తలకిందులు చేసి, బల్ల అడుగున బిగించి, కోసే మొన అయిన బిట్టు మాత్రం రంధ్రంలోంచి పైకి వచ్చేలా అమరిస్తే అది రూటరు టేబుల్. ఇక్కడ యంత్రం కదలదు, చెక్క కదులుతుంది. రెండంగుళాల తలుపు పట్టె మీద, దేవుడి మందిరం కమ్మీ మీద చేతి రూటరు ఆనడానికి చోటు చాలదు. అటూ ఇటూ ఊగి గాడి వంకర పోతుంది. అదే ముక్కను బల్ల మీద దారి చూపేలా బిగించిన అడ్డుపట్టెకు ఆనించి తోస్తే గాడి మొదటి నుంచి చివరిదాకా ఒకే తీరున పడుతుంది. పెద్ద వర్క్‌షాపులో ఇది పాత విషయం. ఇల్లు కడుతున్న చోటికే సామాను మోసుకెళ్లి పనిచేసే వడ్రంగికి మాత్రం ఇందులో చిక్కులున్నాయి. మడిచి, ఎత్తి, బండి మీద కట్టుకుపోయే తేలికపాటి బల్లకు నిమిషానికి ముప్పై వేల చుట్లు తిరిగే యంత్రాన్ని ఎలా తగిలించాలి, ఎంత బరువు మోపాలి, దానికి ఏ పనులు అప్పగించాలి అన్నవి ఆ చిక్కుల్లో ముఖ్యమైనవి. ఉమ్మడి అనంతపురం జిల్లాలోని రామగిరి, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ప్రాంతంలో వడ్రంగం ఎక్కువగా పని ఉన్న చోటే సాగుతుంది కనుక ఈ ప్రశ్న ఇక్కడ బాగా వర్తిస్తుంది.

బల్ల ఎక్కడి నుంచి వచ్చింది

పల్లె వడ్రంగానికి నిలబడి పనిచేసే బల్ల ఉండేది కాదు. వడ్రంగి నేల మీదో చిన్న దిమ్మె మీదో కూర్చుని, చెక్కను కాలితో తొక్కిపట్టి, బాడిసెతో చెక్కి, చిత్రిక పట్టి, ఉలితో బెజ్జం తీసేవాడు. నాగలికీ, బండికీ, గడపకూ ఆ పద్ధతి సరిపోయింది. బరువైన దుంగను బల్ల మీదికి ఎత్తడం కంటే దాని పక్కన కూర్చోవడం తేలిక.

ప్లైవుడ్డు, సన్‌మైకా పని వచ్చాక కూర్చుంటే కుదరలేదు. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పున్న షీటును కోయాలంటే నడుము ఎత్తున ఏదో ఒక ఆధారం కావాలి. అలా సైటు బల్ల పుట్టింది. రెండు కాళ్ల చట్రాల మీద ఒక ప్లైవుడ్ పలక, దాని అడుగున కర్ర బ్లేడు వేసి తలకిందులుగా బిగించిన మార్బుల్ కట్టరు, పైన సూటిగా కొట్టిన ఒక పట్టె. రాళ్లు కోయడానికి చేసిన యంత్రం చెక్క కోసే రంపంగా మారిన ఈ ఏర్పాటు దేశమంతటా సైట్లలో కనబడుతుంది. బ్లేడుకు కప్పు ఉండదు, స్విచ్చు చేతికి అందదు. అపాయకరమైన ఏర్పాటే అయినా దాని వెనక తెలివి తక్కువదేమీ కాదు. ఒకే బల్ల, చవక యంత్రం, పని అయ్యాక విప్పేసుకునే వీలు. రూటరు టేబుల్ కూడా ఈ తోవలోనే రావాలి.

బయటి ప్రపంచంలో ఇదే ఆలోచన రెండు చోట్ల సరుకుగా మారింది. లోటస్ ఎలాన్ కారు రూపకర్త రాన్ హిక్‌మన్ 1961లో కుర్చీ మీద చెక్క పెట్టి కోస్తూ కుర్చీనే కోసేశాడు. ఆ నష్టంలోంచి ఆయనకు మడత బల్ల ఆలోచన వచ్చింది. రెండు దవడల మధ్య చెక్కను బిగించే ఆ బల్లను 1970ల తొలినాళ్లలో బ్లాక్ అండ్ డెకర్ సంస్థ వర్క్‌మేట్ పేరుతో తెచ్చింది, కోట్లలో అమ్ముడైంది. మడత బల్ల అనగానే ఇవాళ కళ్ల ముందు నిలిచే రూపం అదే. ఆస్ట్రేలియాలో జార్జ్ లూయిన్ 1970ల మధ్యలో మొదలుపెట్టిన ట్రైటన్ సంస్థ ఇంకో దారి పట్టింది. చేత్తో నడిపే కరెంటు రంపాన్ని తలకిందులుగా పట్టుకునే మోసుకెళ్లే చట్రం చేసి, తరవాత దానికి రూటరు పలకను కూడా కలిపింది. హిక్‌మన్ బల్ల చెక్కను పట్టుకుంటుంది, లూయిన్ చట్రం యంత్రాన్ని పట్టుకుంటుంది. మన సైటు బల్ల రెండోదానికి దగ్గర చుట్టం.

ఏ పనికి

రూటరు టేబుల్ అన్ని పనులకూ పనికిరాదు. చిన్న ముక్కయితే చెక్కను యంత్రం దగ్గరికి తీసుకుపోవాలి, పెద్ద పలకయితే యంత్రాన్నే చెక్క దగ్గరికి తీసుకుపోవాలి. ఆరడుగుల అలమార రెక్కకు సన్‌మైకా అంచు సవరించడానికి ట్రిమ్మరు అనే చిన్న చేతి రూటరుకు మించింది లేదు. ఆ రెక్కను చిన్న బల్ల మీద నిలబెట్టి తిప్పడం వృథా శ్రమే కాదు, ప్రమాదం కూడా.

బల్ల అక్కరకొచ్చేది పట్టెల పనికి. ఈ ప్రాంతపు ఇళ్లలో తలుపులకూ కిటికీలకూ వేప ఎక్కువగా వాడతారు. డబ్బున్నవారు టేకు పెడతారు. పలక తలుపులో నిలువు పట్టెలకూ అడ్డ పట్టెలకూ లోపలి అంచున గాడి తీసి, అందులో పలకను కూర్చోబెడతారు. ఒక తలుపుకే ఇరవై ముప్పై అడుగుల గాడి అవుతుంది. కిటికీ అద్దానికి అంచున మెట్టులా తీసే రిబేటు, మెట్ల కమ్మీకి గుండ్రటి అంచు, అరల బీడింగు, ఫొటో ఫ్రేము పట్టె, తలుపు అడ్డ పట్టె చివర బెజ్జంలో దూరే కుసికి భుజం, ఇవన్నీ బల్ల మీద బాగా వస్తాయి.

ధర్మవరంలో ఇంకో గిరాకీ ఉంది. పట్టుచీరల మగ్గాలకు కర్ర భాగాలు అరిగిపోతుంటాయి, మార్చాలి. పోగులను ఒత్తే దువ్వెన లాంటి భాగం పైనా కిందా రెండు పట్టెల గాళ్లలో కూర్చుంటుంది. ఆ గాడి సన్నంగా, లోతు ఎక్కడా మారకుండా, లోపల నున్నగా ఉండాలి. ఒక చోట వదులైతే దెబ్బ సమంగా పడదు, గుడ్డలో చార కనిపిస్తుంది. నాలుగడుగులకు పైబడిన పట్టెలో అలాంటి గాడిని ఉలితో తీయాలంటే చేయి తిరిగినవాడికీ ఓపిక కావాలి. సరైన బిట్టుతో బల్ల మీద మూడు దఫాల్లో అయిపోతుంది.

తలుపుల మీద పూలూ నెమళ్లూ చెక్కే పని మాత్రం ఇప్పుడు పట్టణాల్లోని కంప్యూటరు నడిపే సీఎన్‌సీ యంత్రాలకు పోయింది. ఆ పోటీలోకి రూటరు బల్ల దిగనక్కర్లేదు. సీఎన్‌సీలో చెక్కించిన పలకను బిగించే చట్రానికి గాడి తీసే పని వడ్రంగిదే.

మూడు బిగింపులు

మడత బల్లకు రూటరును చేర్చే విధానాలు ప్రధానంగా మూడు.

మొదటిది బల్ల పైపలకకే పెద్ద కంత కోసి, అందులో లోహపు పలకను దించి, దానికి రూటరు బిగించడం. పుస్తకాల్లోనూ వీడియోల్లోనూ ఎక్కువగా కనిపించేది ఇదే. అల్యూమినియం పలకలు సుమారు 235 × 298 మిల్లీమీటర్ల కొలతలో తయారుగా దొరుకుతాయి. స్థిరమైన బల్లకు ఇది మంచి పద్ధతి. మోసుకెళ్లే బల్లకు మాత్రం అంత మంచిది కాదు. తేలిక కోసం పలచగా చేసిన పైపలకలో నడిమధ్య అంత కంత కోస్తే బలం పోయేది సరిగ్గా బరువు పడే చోటే. పైగా రంపం కోతకూ, సుత్తి పనికీ, జిగురు అంటించడానికీ వాడే బల్ల మీద గుంట ఉంటే మేకులూ పొట్టూ అందులోనే చేరతాయి. వర్క్‌మేట్ తరహా బల్లకైతే ఈ పద్ధతి అసలు కుదరదు. దాని పైభాగం విడివిడిగా ఉండే రెండు దవడలు.

రెండోది రూటరును విడి పలకకు బిగించి, ఆ పలకను బల్ల మీద కూర్చోబెట్టడం. పలక అడుగున రెండంగుళాల మందపు కర్ర ఒకటి పొడవునా తగిలిస్తారు. వర్క్‌మేట్ దవడల మధ్య ఆ కర్రను బిగిస్తే పలక కదలదు. దవడలు లేని సైటు బల్లయితే రెండు కాళ్ల చట్రాల మధ్య ఖాళీలో రూటరు వేలాడేలా పలకను ఆనించి, నాలుగు మూలలా సి-క్లాంపులు వేస్తారు. పని అయ్యాక పలకను రూటరుతో సహా తీసి గోడకు ఆనించవచ్చు. బల్ల మళ్లీ మామూలు బల్ల అవుతుంది.

మూడోది బల్ల చివర రెక్కలా బయటికి వేలాడే చిన్న పలక. చోటు కలిసొస్తుంది, బల్ల మీద ఇంకో పని పెట్టుకోవచ్చు. కానీ కాళ్లకు అవతల బరువు వేలాడుతుంది; చెక్కను తోసే ఒత్తిడి కూడా అక్కడే పడుతుంది. బరువైన ఇనుప చట్రమున్న బల్లకు తప్ప ఇది తగదు.

ఈ మూడింటిలో పనిచోటుకు తిరిగే వడ్రంగికి రెండోదే సరైనది. బల్ల యంత్రాన్ని మోయాలి గాని, యంత్రం కోసం బల్లను కోసుకోకూడదు. మార్బుల్ కట్టరు అప్పటికే బిగించి ఉన్న పలకలోనే పక్కన ఇంకో కంత పెట్టి రూటరు దించడం కూడా కొందరు చేస్తారు. చోటు మిగులుతుంది గాని, ఒక యంత్రంతో పనిచేస్తున్నప్పుడు రెండోదాని పదును పక్కనే కాచుకుని ఉంటుంది. రెండు యంత్రాలకు రెండు పలకలు, ఒకే జత కాళ్లు ఉంటే చాలు.

కాళ్లు

రూటరు టేబుల్ గురించి మాట్లాడేవాళ్లు పలక గురించీ, రూటరును పైకీ కిందికీ జరిపే లిఫ్టు గురించీ ఎక్కువ మాట్లాడతారు. మోసుకెళ్లే బల్ల విషయంలో అసలు సమస్య కాళ్లది. ఎత్తు 85 సెంటీమీటర్లు, ముందుకాలికీ వెనకకాలికీ మధ్య దూరం 50 సెంటీమీటర్లు, మొత్తం బరువు 15 కిలోలు ఉన్న బల్లను తీసుకుంటే, పై అంచు మీద అడ్డంగా నాలుగున్నర కిలోల ఒత్తిడి పడితే చాలు, తోసే వైపు కాళ్లు లేవడం మొదలవుతుంది. మొండి బిట్టుతో వేప పట్టెను తోసేటప్పుడు చేయి అంత ఒత్తిడి ఇట్టే పెడుతుంది. అదే బల్ల కింది అడ్డకమ్మీ మీద 20 కిలోల ఇసుక మూట పెడితే ఆ హద్దు పది కిలోలు దాటుతుంది. ఇల్లు కట్టే చోట ఇసుకకు కొదవ ఉండదు. ఖాళీ సిమెంటు సంచి ఉంటే సరిపోతుంది. బండి మీద మోయనక్కర్లేని బరువు ఇది, ఖర్చూ లేదు.

నేల ఎగుడుదిగుడుగా ఉంటే నాలుగు కాళ్లలో ఒకటి గాలిలో ఉంటుంది. దాని కింద చెక్క చీలిక దూర్చకుండా యంత్రం నడిపితే వణుకు గాడి గోడల మీద అలలుగా కనబడుతుంది. బల్లను గోడకు అడ్డంగా ఆనించి, చెక్కను అడ్డుపట్టెకు అదిమే ఒత్తిడి గోడ మీద పడేలా పెట్టుకోవడం ఇంకా మంచిది.

ఎత్తు సంగతి కూడా చెప్పుకోవాలి. నేల మీద కూర్చుని చేసే అలవాటుకు తగ్గట్టు అడుగు ఎత్తున రూటరు పలక పెట్టుకోవాలని అనిపించవచ్చు. అది తప్పు. కూర్చుంటే ముఖం బిట్టుకు దగ్గరవుతుంది, పొట్టు కళ్లలోకి వస్తుంది, చెక్క ఎదురు తన్నితే పక్కకు తప్పుకునే వీలుండదు. నడుము ఎత్తు, అంటే 85 నుంచి 90 సెంటీమీటర్లు ఉండాలి.

పలక

ఒక రూటరు పలకకు 60 సెంటీమీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల వెడల్పు చాలు. మందం 18 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. పలక వంగకుండా నిలిచే గుణం మందం ఘనం చొప్పున పెరుగుతుంది. 12 మిల్లీమీటర్ల పలక కంటే 18 మిల్లీమీటర్లది ఒకటిన్నర రెట్లే మందమైనా మూడు రెట్లకు పైగా గట్టిగా నిలుస్తుంది. అడుగున పొడవునా రెండు కర్ర పట్టెలను నిలువుగా తగిలిస్తే ఇంకా నయం. ఐఎస్ 303 గుర్తున్న మామూలు ప్లైవుడ్డు కంటే ఐఎస్ 710 గుర్తున్న నీటిని తట్టుకునే రకం మేలు. దాని మీద సన్‌మైకా వేస్తే చెక్క జారుతుంది. ఒక పక్కే వేస్తే మాత్రం పలక విల్లులా వంగుతుంది. రెండు పక్కలా వేయాలి, అడుగున పాత ముక్కలైనా పర్వాలేదు. స్లాబు సెంట్రింగుకు వాడే నల్లటి నున్నని ప్లైవుడ్డు కూడా మంచిదే. పొర రెండు వైపులా ఉంటుంది, జారుతుంది, సైటులో కోతకు పోయిన ముక్కలు దొరుకుతాయి. కాకపోతే ఒకసారి కాంక్రీటు కింద వాడినదాన్ని తీసుకోకూడదు. అంటుకున్న సిమెంటు రేణువులు చెక్కను గీస్తాయి.

18 మిల్లీమీటర్ల పలకకే రూటరును నేరుగా బిగిస్తే బిట్టు పైకి చాలినంత రాదు. రూటరు అడుగు పట్టేంత మేర పలకను కిందనుంచి చెక్కి, ఆ చోట 8 మిల్లీమీటర్లే మిగల్చాలి. లేదంటే ఆరు మిల్లీమీటర్ల అల్యూమినియం పలకను అక్కడ పైనుంచి దించాలి. యాక్రిలిక్ షీటు వాడేవాళ్లున్నారు. రాయలసీమ ఎండలో, యంత్రం వేడికి, అది కొన్నాళ్లకు నడిమధ్య కుంగుతుంది. బిట్టు దగ్గర అర మిల్లీమీటరు కుంగినా గాడి లోతు ముక్క చివర్లలో ఒకటి, నడుమ ఒకటి అవుతుంది.

బోల్టుల చోట్లు గుర్తించడానికి కొలతలతో తంటాలు పడనక్కర్లేదు. రూటరు అడుగున ఉండే ప్లాస్టిక్ పలకను విప్పి, రూటరు రావలసిన చోట పలక మీద పెట్టి, దాని రంధ్రాల్లోంచే సూదితో గుర్తులు పెడితే సరిపోతుంది. పాత స్క్రూలు పొట్టివవుతాయి. అదే మరలో పొడవైనవి, తల చెక్కలో మునిగే రకం కొనాలి. బిట్టు వచ్చే కంత బిట్టు కంటే కొద్దిగానే పెద్దదిగా ఉండాలి. పెద్ద బిట్టు కోసం కోసిన కంతలో సన్న బిట్టు పెడితే ముక్క చివర ఆ ఖాళీలోకి కుంగి తగులుకుంటుంది. రెండు మూడు కొలతల్లో గుండ్రటి బిళ్లలు కోసి పెట్టుకోవడం దీనికి మందు.

యంత్రం, బిట్టు

చేతిలో ఇమిడే ట్రిమ్మరు సుమారు 550 వాట్లది, కిలోన్నర బరువుంటుంది, నిమిషానికి ముప్పై వేల పైచిలుకు చుట్లు తిరుగుతుంది. పెద్ద రూటరు సుమారు 1600 వాట్లది, బరువు నాలుగైదు కిలోలు, వేగం తగ్గించుకునే వీలుంటుంది. మడత బల్లకు ఏది అన్న ప్రశ్నకు ఎక్కువమంది పెద్దదానికే ఓటేస్తారు. ఆరు మిల్లీమీటర్ల గాడికీ, గుండ్రటి అంచుకూ, చిన్న రిబేటుకూ ట్రిమ్మరే చాలు. ఒకేసారి మూడు మిల్లీమీటర్లకు మించి లోతు పెట్టకుండా రెండు మూడు దఫాల్లో తీస్తే వేప కూడా లొంగుతుంది. తలుపు పలకల అంచు ఏటవాలుగా తీసే పెద్ద బిట్టులు మాత్రం దానికి పెట్టనే కూడదు.

అందుకు కారణం వేగం. 20 మిల్లీమీటర్ల బిట్టు అంచు ముప్పై వేల చుట్ల దగ్గర సెకనుకు 31 మీటర్లు పోతుంది. అదే వేగంతో 50 మిల్లీమీటర్ల బిట్టు అంచు 78 మీటర్లు దాటుతుంది. అంటే గంటకు 280 కిలోమీటర్లు. ఆ బిట్టును పదహారు వేల చుట్లకు తగ్గించి తిప్పాలి. ట్రిమ్మర్లు చాలావాటికి అలా తగ్గించే మీట లేదు.

అంగడిలో జాగ్రత్తగా చూసుకోవలసింది బిట్టు కాడ. ఆరు మిల్లీమీటర్ల కాడలూ పావంగుళం కాడలూ ఒకే డబ్బాలో కలిసిపోయి ఉంటాయి. పావంగుళం అంటే 6.35 మిల్లీమీటర్లు. కంటికి తేడా తెలియదు. పావంగుళం కాలెట్‌లో, అంటే కాడను పట్టే బిగింపులో, ఆరు మిల్లీమీటర్ల కాడ బిగిస్తే బిగిసినట్టే ఉంటుంది, పని మధ్యలో జారి పైకి పాకుతుంది. గాడి లోతు తెలియకుండా పెరుగుతుంది. కాడను అడుగుదాకా దించి, రెండు మిల్లీమీటర్లు పైకి లాగి అప్పుడు బిగించాలి. ట్రిమ్మరు మోటారు దాని పట్టీలో గొట్టంలా జారుతుంది కనుక, తలకిందులుగా ఉన్నప్పుడు లోతు మార్చడానికి పట్టీ వదులు చేస్తే మోటారు కిందికి పడిపోతుంది. అడుగున ఒక చెక్క దిమ్మె పెట్టి, దాని మీద చీలికతో ఎత్తూ దించూ చేసుకుంటే లిఫ్టు పని చాలావరకు నడిచిపోతుంది.

అడ్డుపట్టె

రంపం బల్ల మీద అడ్డుపట్టె బ్లేడుకు సమాంతరంగా ఉండి తీరాలి. రూటరు బల్లకు ఆ బాధ లేదు. బిట్టు గుండ్రంగా తిరుగుతుంది, దానికి పక్క అంటూ లేదు. అడ్డుపట్టె నుంచి బిట్టుకున్న దూరమే లెక్క, కోణం కాదు. కాబట్టి సూటిగా చిత్రిక పట్టిన ఒక పట్టెకు ఒక చివర బోల్టు, రెండో చివర సి-క్లాంపు వేస్తే అదే మంచి అడ్డుపట్టె. ఇందులో ఇంకో లాభం ఉంది. బోల్టు నుంచి బిట్టు 30 సెంటీమీటర్ల దూరంలో, క్లాంపు 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, క్లాంపు చివరను ఒక మిల్లీమీటరు జరిపినప్పుడు బిట్టు దగ్గర అర మిల్లీమీటరే మారుతుంది. సన్న సవరణకు క్లాంపు చివర వెనక ఒక చెక్క ముక్కను బిగించి, దానికీ అడ్డుపట్టెకూ మధ్య అట్టముక్కలు పెడుతూ తీస్తూ పోవచ్చు. ఖరీదైన అడ్డుపట్టెల మీద మరలు తిప్పి సాధించేదీ ఇదే.

దీంతో కుదరని పని ఒకటే. బల్లలో గాడి తీసి అందులో జారే కోణం పలకను వాడాలంటే అడ్డుపట్టె ఆ గాడికి సమాంతరంగా ఉండాలి. అందుకు బదులు కుసి భుజాలు తీసేటప్పుడు నాలుగు మూలలూ సరిగ్గా ఉన్న చెక్క దిమ్మెను అడ్డుపట్టెకు ఆనించి, దానితో ముక్కను తోస్తే చాలు. వెనక అంచు చీలిపోకుండా ఆ దిమ్మె కాపాడుతుంది కూడా.

బిట్టు చుట్టూ అడ్డుపట్టెలో అర్ధచంద్రాకారంలో కోసి, దాని వెనక వ్యాక్యూమ్ గొట్టం తగిలిస్తే పొట్టు చాలావరకు అక్కడే పోతుంది. పైన ఒక పారదర్శక షీటు ముక్క కప్పుగా పెట్టాలి.

తోసే దిశ, స్విచ్చు

బల్ల ముందు నిలబడి పైనుంచి చూస్తే బిట్టు గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. అడ్డుపట్టె బిట్టుకు అవతల ఉంటుంది. చెక్కను కుడి నుంచి ఎడమకు తోయాలి. అప్పుడే పదును ఎదురు వస్తుంది, కోత ఒత్తిడి చెక్కను అడ్డుపట్టెకు అదుముతుంది. చేతి రూటరుకు అలవాటైన చేయి ఇక్కడ పొరబడేది దిశ దగ్గరే, ఎందుకంటే యంత్రం తిరగబడితే దిశ కూడా తిరగబడుతుంది. అంతకంటే పెద్ద పొరపాటు చెక్కను బిట్టుకూ అడ్డుపట్టెకూ మధ్య ఇరికించి తోయడం. వెడల్పు తగ్గించడానికి ఇది సులువుగా అనిపిస్తుంది. పదును చెక్కను పట్టుకుని ఒక్కసారిగా లాగేస్తుంది, వెనక ఉన్న చేయి బిట్టు మీదికి పోతుంది. జానెడు కంటే పొట్టి ముక్కను చేత్తో తోయకూడదు. పొడవైన పట్టెకు చివర గాడి తీసి, తరవాత ముక్క కోసుకోవాలి.

స్విచ్చు విషయం ఈ ప్రాంతంలో మరీ ముఖ్యం. యంత్రం స్విచ్చు బల్ల కింద ఉంటుంది, చేతికి అందదు. అందుకని దాన్ని ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచి, ప్లగ్గు దగ్గర స్విచ్చు వేస్తారు. కరెంటు పోతే యంత్రం ఆగుతుంది. బిట్టు మార్చుదామని చేయి పెట్టిన క్షణంలో కరెంటు వస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. బోరు మోటారుకు రైతులు పెట్టుకునే ఆటో స్టార్టరు కరెంటు రాగానే మోటారును తనంత తానే తిప్పుతుంది. రూటరు బల్లకు కావలసింది సరిగ్గా దానికి వ్యతిరేకం. కరెంటు పోగానే విడిపోయి, మళ్లీ పచ్చ బొత్తం నొక్కితే తప్ప కలవని స్విచ్చును బల్ల ముందుకాలికి, మోకాలికి అందేలా బిగించాలి. ఎర్ర బొత్తం పెద్దదిగా ఉండాలి. బిట్టు మార్చేటప్పుడు ప్లగ్గు పీకడం మాత్రం దీనితో తప్పిపోదు.

550 వాట్ల ట్రిమ్మరు 230 వోల్టుల దగ్గర రెండున్నర ఆంపియర్లు తీసుకుంటుంది, మామూలు 6 ఆంపియర్ల ప్లగ్గు చాలు. 1600 వాట్లది ఏడు ఆంపియర్లు లాగుతుంది. దానికి 16 ఆంపియర్ల ప్లగ్గు, 1.5 చదరపు మిల్లీమీటర్లకు తగ్గని వైరు కావాలి. ఎక్స్‌టెన్షన్ వైరును చుట్టగానే ఉంచి వాడితే వేడెక్కి పైతొడుగు మెత్తబడుతుంది; పూర్తిగా విప్పాలి. కడుతున్న ఇంట్లో నేల తడిగా ఉంటుంది కనుక కరెంటు లీకైతే వెంటనే తెంచే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ మీదుగా కరెంటు తీసుకోవాలి.

చెక్క, దుమ్ము, గాలి

వేప నార మెలికలు తిరిగి ఉంటుంది. ఒక దిశలో నున్నగా పోతున్న బిట్టు జానెడు దూరంలోనే నారను పీకేస్తుంది. చివరి దఫా అర మిల్లీమీటరు లోతే ఉంచి నెమ్మదిగా తోయడం ఒక్కటే దారి. టేకులో ఇసుక గుణం ఉంది, అది మామూలు ఉక్కు బిట్టును త్వరగా మొండి చేస్తుంది. ప్లైవుడ్డులోని జిగురు కూడా అంతే. రెండింటికీ కార్బైడ్ మొన ఉన్న బిట్టులే వాడాలి. నల్లతుమ్మ, చింత చేవను ట్రిమ్మరుతో తీయబోతే యంత్రమే కాలిపోవచ్చు.

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది; ఏడాదిలో ఎక్కువ కాలం గాలి పొడిగా ఉంటుంది. పచ్చిగా ఉన్న చెక్కతో తలుపు చేస్తే పలక కుదించుకుపోతుంది. గాడి పది మిల్లీమీటర్ల లోతు తీసి, పలకను జిగురు లేకుండా వదులుగా, అడుగున రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీతో కూర్చోబెడితే అది చీలకుండా కదులుతుంది. బల్ల మీద తీసిన గాడికి లోతు నికరంగా ఉంటుంది కనుకనే ఈ లెక్క పెట్టుకోవడం సాధ్యమవుతుంది.

చెక్క దుమ్మును అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. రూటరు తీసే సన్న దుమ్ము గాలిలో ఎక్కువసేపు నిలుస్తుంది. గాలిమరలు నిలిపిన రామగిరి కొండల దగ్గర ఆరుబయట గాలి దుమ్మును తీసుకుపోతుందని ఊరుకోవడానికి లేదు. గాలి ఎదురైతే అంతా ముఖానికే కొడుతుంది. గాలి వీపుకు తగిలేలా నిలబడడం, ముక్కుకు ఎన్95 మాస్కు కట్టుకోవడం, కళ్లద్దాలు పెట్టుకోవడం, ఈ మూడూ వ్యాక్యూమ్ ఉన్నా తప్పనివి.

ఖర్చు, రవాణా, సంరక్షణ

2023 సెప్టెంబరు 17న మొదలైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగం ఒకటి. పనిముట్లకు 15,000 రూపాయల దాకా సాయం, మొదట లక్ష, తరవాత రెండు లక్షల రూపాయల దాకా 5 శాతం వడ్డీకి రుణం అందులో ఉన్నాయి. యంత్రాలు కొనడానికి బెంగళూరు ఎస్పీ రోడ్డు దగ్గరి చోటు; హిందూపురం నుంచి సుమారు వంద కిలోమీటర్లు. అదే నగరంలో మల్లేశ్వరంలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీ వడ్రంగం యంత్రాల మీద శిక్షణ ఇస్తుంది. చేతిలో ఉన్న డబ్బు కొంచెమే అయితే ముందు ట్రిమ్మరు, తరవాత మంచి స్విచ్చు, ఆ తరవాత నాలుగు కార్బైడ్ బిట్టులు కొనాలి. పలకా అడ్డుపట్టే సైటు ముక్కలతో చేసుకోవచ్చు. లోహపు పలక, లిఫ్టు ఆఖర్న.

60 × 40 సెంటీమీటర్ల పలక మోపెడు ముందు కాళ్ల దగ్గర పడుతుంది. అయితే ట్రిమ్మరును విప్పకుండా అలా తీసుకుపోతే గతుకులకు మరలు వదులవుతాయి. యంత్రాన్ని విప్పి, బిట్టు తీసి, వేరే డబ్బాలో పెట్టుకోవాలి. చేరిన చోట బిగించాక మరలన్నీ ఒకసారి చూసుకుని, సూటి అంచున్న పట్టెను పలక మీద అడ్డంగా పెట్టి, కింద వెలుతురు కనబడుతోందేమో గమనించాలి. జారుడు తగ్గినప్పుడు కొవ్వొత్తి మైనం రుద్ది గుడ్డతో తుడిస్తే చాలు. నూనె రాస్తే అది చెక్కకు అంటి పాలిష్ పట్టదు. కాలెట్‌లో చేరిన జిడ్డును వారానికొకసారి బ్రష్షుతో తీయాలి. శుభ్రం చేసినా కాడ జారుతూనే ఉంటే కాలెట్ అరిగిందన్నమాట, మార్చాలి.